గంట మామ చెవులు

పాత లారీల సామాన్లు అమ్మే షెడ్డులో అందరూ ఆయన్ని గంట మామ అనేవారు. వచ్చిన సరుకు అసలుదా, నకిలీదా, ఎంత పలుకుతుంది అన్నది తేల్చడం ఆయన పని. ఒకప్పుడు కొండదారులెక్కే లారీలకు మామూలు ఇంజను బలం చాలక ఇంజను మీద మూతలా కూర్చునే ఇనుప దిమ్మలు, పెద్ద వాల్వులున్న సిలిండర్ హెడ్లు బిగించేవారు. అలాంటివి ఇప్పుడు తయారు కావడం లేదు. పాత లారీలను మోజుపడి పోషించే డబ్బున్నవాళ్లు వాటికోసం ఊళ్లు దాటి వస్తారు.

మామ ముందు హెడ్డు ఒళ్లంతా తడిమేవాడు. మసి గీకి, పోతలో ఉబ్బెత్తుగా లేచిన అంకెలు చూసేవాడు. అడుగుభాగం ఎంత చెక్కేశారో గోటితో పసిగట్టేవాడు. చివరికి తాడుతో దూలానికి వేలాడదీసి, చిన్న సుత్తితో ఒక్క దెబ్బ వేసేవాడు. నికార్సైన పోత గంటలా మోగుతుంది. లోపల వెంట్రుకంత బీట ఉంటే చాలు, తడిసిన చెక్కను కొట్టినట్టు చప్పబడుతుంది. షెడ్డు హోరులో ఆ తేడా పట్టగలిగింది ఆయన చెవి ఒక్కటే. మామ "మోగింది" అన్నాక ఇక ఎవరూ మారు మాట్లాడేవారు కాదు.

ఆయన బల్ల పక్కనే గ్రైండరు. షెడ్డు తలుపులు తీసింది మొదలు అది ఇనుమును కొరుకుతూ అరుస్తూనే ఉండేది. చెవులకు మూతలు ఇప్పించమని ఒకసారి అడిగాడు.

"చెవులు మూసుకుంటే గంటెలా వింటావు మామా? మా నాన్న హయాంలో అడిగావా ఇవన్నీ? వయసు మీదపడింది నీకు!" అన్నాడు యజమాని.

షెడ్డంతా నవ్వింది. మామ కూడా నవ్వాడు. కష్టజీవి ఒంట్లో ఏది అరిగినా నింద వయసు మీదికి తోసెయ్యడం యజమానులకు వెన్నతో పెట్టిన విద్య.

మొదట కనిపెట్టింది భార్య.

"ఏమయ్యోయ్! పిలిచి పిలిచి గొంతు పీలికలైంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు."

"శంఖమైతే వినపడేదే. నీ గొంతు సన్నం."

"నా గొంతా! వీధి చివర కుక్కలు ఉలిక్కిపడి లేస్తున్నాయి, నువ్వు మాత్రం లేవవు. వెళ్లి యజమానితో చెప్పెయ్."

"చెప్తే? చెవుల్లేని గంట మామకి పని ఎవడిస్తాడే?"

చెప్పలేదు. కళ్లతో, గోళ్లతో నెట్టుకొచ్చాడు. బీట కంటికి కనపడకపోతే సుత్తి దెబ్బ వేసి, అలవాటుగా తల వాల్చి, "మోగింది" అనేవాడు.

అలా అన్న ఒక హెడ్డును ఒక డ్రైవరు కొన్నాడు. తండ్రి నడిపిన పాత లారీని బాగుచేసుకుని, సినిమా షూటింగులకు అద్దెకు తిప్పి బతకాలని అతని ఆశ. నెల తిరక్కుండానే మామ బల్ల ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"మామా, నువ్వు మోగిందన్నావు. ఆ మాట మీదే కొన్నాను. బీటలోంచి నీళ్లు దిగి ఇంజను పట్టేసింది. ఇంకేం మిగల్లేదు నాకు."

మామ అతని పెదవులు చూసి అర్థం చేసుకున్నాడు. డ్రైవరు అరవలేదు. అరిచి ఉంటే కాస్తయినా వినపడేది. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదన్న బోర్డును యజమాని దూరం నుంచే వేలితో చూపించాడు.

డ్రైవరు వెళ్లాక మామ యజమాని గదిలోకి వెళ్లాడు.

"బాబూ, నాకు చెవులు పోయాయి. తప్పు నాది."

యజమాని తలుపు మూసి, గట్టిగా చెప్పాడు. "తెలుసు మామా. నిరుడే తెలిసింది. నీ వెనక నిలబడి జీతం పెంచానన్నా, నువ్వు తిరగలేదు."

"మరి ఆ హెడ్డు?"

"కిరసనాయిలు పోసి చూశా, బీటలోంచి కారింది. అందుకేగా నీ దగ్గరికి పంపింది! వినే చెవి నాకెందుకు? నీ నోరు చాలు. కొట్టు, తలూపు. నీ జీతం ఎక్కడికీ పోదు."

మామ బయటికొచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. తన మాట నమ్మి వచ్చేవాళ్ల కోసం పన్నిన వలలో ఇన్నాళ్లూ ఎర తానేనని అప్పుడు తెలిసింది.

కొన్నాళ్లకు ఒక పెద్దమనిషి అరుదైన హెడ్డు కోసం వచ్చాడు. మామ అంకెలు చూశాడు. అసలుదే. తాడుకు వేలాడదీశాడు. యజమాని తలుపుకానుకుని చూస్తున్నాడు. మామ లేచి వెళ్లి గ్రైండరు స్విచ్చి కట్టేశాడు. సుత్తి పెద్దమనిషి చేతిలో పెట్టాడు.

"మీరే కొట్టండి బాబూ. నాకు వినపడదు. చాన్నాళ్లుగా వినపడటం లేదు."

పనివాళ్ల చేతులు ఆగిపోయాయి. పెద్దమనిషి కొట్టాడు. మామకు అతని నుదుటి మీద లేచిన ముడతలు కనిపించాయి. చప్పబడిందన్నమాట.

పెద్దమనిషి హెడ్డు మీది అంకెలను మరోసారి తడిమి చూశాడు. "పగిలిందా? పోనీలెండి. నేనేం బండికి బిగిస్తానా, హాల్లో గాజు పెట్టెలో పెట్టుకుంటా. అంకెలు అసలువేగా! ధర మాత్రం సగం చెయ్యండి."

మామ నోరు విప్పినందుకు బాగుపడింది ఆ పెద్దమనిషి ఒక్కడే. డ్రైవరు లారీ కదల్లేదు. మామను ఆ సాయంత్రమే పంపేశారు.

"వెళ్లగొడుతూ ఏమన్నాడయ్యా?" భార్య ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అడిగింది.

"చాలాసేపే అన్నాడు. ఏమీ వినపడలేదు."

"పోనీలే, ఆ గ్రైండరు వల్ల ఇన్నాళ్లకి ఒక్క మేలు జరిగింది," అంటూ ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆ బల్ల దగ్గర ఇప్పుడు ఇంకొకతను కూర్చుంటున్నాడు. చెవులు బాగా పనిచేస్తాయట. గ్రైండరు మాత్రం అక్కడే ఉంది.