మోకాలి గుజ్జు, మనవాళ్ళు

మోకాలి గుజ్జు ఒకచోట దెబ్బతిన్న మా బాబాయిని ఈ రోజు గవర్నర్‌పేటలో డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. కాస్త గుజ్జు తీసి, అందులోని కణాలను ల్యాబ్‌లో పెంచి, తిరిగి అదే మోకాల్లో పెడతామన్నారాయన. బాబాయి అంతా శ్రద్ధగా విని, గొంతు తగ్గించి అడిగాడు.

“ల్యాబ్‌లో పెంచేది మనవాళ్ళేనాండీ?”

“పెరిగేవి మీ కణాలేనండీ. అంతకంటే మనవాళ్ళు ఎక్కడ దొరుకుతారు?” అన్నారు డాక్టరుగారు.

“అది సరేనండీ. పెంపకం అని ఒకటుంటుంది కదా,” అన్నాడు బాబాయి.

మీ ఇంట్లోనూ ఇలాంటి మోకాళ్ళుంటే చెప్పండి. నాకైతే ఆ కణాల మీద జాలేస్తోంది. ల్యాబ్‌లో ఉన్నన్నాళ్ళే వాటికి కులం గొడవ లేనిది. ఆ తర్వాత మళ్ళీ బాబాయి మోకాల్లోకి రావాల్సిందే.