సబ్బు వాటాలూ అవ్వ కడియాలూ

డబ్బు ఎక్కడ దాచాలన్నది ఈ కాలంలో పెద్ద చదువైపోయింది గాని, మా రోజుల్లో చేవెళ్ల చుట్టుపక్కల అదొక సమస్యే కాదు. మిగిలితే కదా దాచడానికి! బాగా పండిన ఏడు కాస్త మిగిలితే వెండి కొనేవాళ్లు. ఆ వెండిని ఇంట్లో ఆడవాళ్ల కాళ్లకో చేతులకో తొడిగేసేవాళ్లు. ఇక దొంగ వెండి ఎత్తుకుపోవాలంటే మనిషిని కూడా ఎత్తుకుపోవాలి. మా బాపు తల్లిని (మేమందరం అవ్వ అనేవాళ్లం) ఎత్తుకుపోయేంత ధైర్యం గల దొంగ మొయినాబాదు నుంచి శంకర్‌పల్లి దాకా ఎవడూ లేడు. ఆవిడ రెండు కాళ్లకూ బొటనవేలంత లావు వెండి కడియాలుండేవి. ఆదివారం ప్రార్థనకు ఆవిడ ఆలస్యంగా వస్తే, ఆ నడక చప్పుడుకు అయ్యగారు ప్రసంగం ఆపి, ఆవిడ చాప మీద కూలబడ్డాకే మళ్లీ మొదలుపెట్టేవారు.

అలాంటి రోజుల్లో యుద్ధం వచ్చింది. ఎక్కడో సముద్రాల అవతల జరిగే యుద్ధం మా ఊళ్లో మొదట కిరసనాయిలు మీద, తర్వాత బట్టల మీద పడింది. అంగట్లో వెండి రూపాయలు కనబడడం మానేసి కాగితం రూపాయలు వచ్చాయి. పట్నం బస్సు పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిచేది (మేం దిగి తోస్తే నడిచేది అనడం న్యాయం). నాకప్పుడు పందొమ్మిదో ఇరవయ్యో. మిషను బడిలో ఎనిమిది దాకా చదివి, చేవెళ్లలో ఒక సావుకారు కొట్లో పనిచేసేవాణ్ణి. నిన్న తెచ్చిన బెల్లం ఇవాళ ఎక్కువకు అమ్ముడుపోవడం కళ్లారా చూస్తూ, లోకమంతా బాగుపడిపోతోంది, మా ఆస్తి మాత్రం పనీపాటా లేకుండా అవ్వ కాళ్లకు వేలాడుతోంది కదా అని తెగ కుమిలిపోయేవాణ్ణి. ఎనిమిదో తరగతి చదువు అలాంటిది మరి.

సరిగ్గా అప్పుడు దిగాడు అత్తరుబాబు. అసలు పేరు నాకిప్పటికీ తెలియదు. మనిషి కొట్టు మెట్లెక్కక ముందే వాసన ఎక్కేది గనక మేం పెట్టుకున్న పేరది. పట్నం పక్కన సబ్బుల కార్ఖానా కడుతున్నారట, ఇప్పుడు వాటాలు కొన్నవాళ్లకు ఏటేటా లాభం ఇంటికే నడిచొస్తుందట. "లడాయిల సీమసబ్బు బందయింది. ఇగ అందరు మన సబ్బే కొనాలె. జర సోంచాయించుండ్రి," అంటూ గులాబీ పువ్వు బొమ్మ కాగితంలో చుట్టిన సబ్బుబిళ్ల ఒకటి నా చేతిలో పెట్టాడు. నేను తెగ సోంచాయించాను. సబ్బు లేకుండా ఎవరు బతకగలరు? (మా ఊరు ఊరంతా చవుడుతో బట్టలుతుక్కుని, కుంకుడుకాయతో తలంటుకుని, సబ్బు లేకుండానే బతుకుతోందన్న సంగతి నాకు తట్టనే లేదు.)

ఆ సాయంత్రమే ఆయన్ను ఇంటికి పిలిచి భోజనం పెట్టాం. అవ్వ పెంచుకుంటున్న గుడ్ల కోడిని, ఆవిడ వద్దంటున్నా, కోసేశాం. అత్తరుబాబు తినడం ఆపకుండానే లాభాల గురించి చెప్పాడు. రేపు పొద్దుగూకే వేళ బస్సుకు వెళ్లిపోతానని, ఆ లోపే పేరు రాయించుకోవాలని కూడా చెప్పాడు. ఆయన అటు నడుం వాల్చగానే బాపు నన్ను దొడ్లోకి తీసుకుపోయాడు.

"ఇంట్ల ఉన్నదంత గా వెండే రా. వాన రాకున్న, ఎద్దు సచ్చిన, మనకు గదే దిక్కు. పోతె ఎట్ల?"

"పోవుడేంది బాపూ! రెండింతలై వస్తది."

"నాకేం ఎరుక. సదువుకున్నోనివి, నువ్వు చెప్తె కాదంటనా?" అన్నాడు పాపం. అవ్వను అడగడానికి ఇద్దరం భయపడుతూ లోపలికి వెళ్లాం. ఆవిడ అంతా విన్నట్టే ఉంది. కాళ్లు బారజాపుకుని, "తీస్కోండ్రి. నేనొద్దన్ననా? వస్తె తీస్కోండ్రి," అంది. ఇంత సులువుగా ఒప్పుకుందేమిటా అని కాస్తయినా అనుమానించాలి కదా? ఉహూఁ. నేను మురిసిపోయాను.

మర్నాడు పొద్దున్నే కుడికాలి దగ్గర మొదలుపెట్టాం. బాపు ఆముదం పోసి పామాడు, నేను కడియం పట్టుకుని గుంజాను. మడిమ దాకా వచ్చి ఆగిపోయింది. బాపు నా నడుం పట్టుకుని గుంజాడు. అవ్వతో సహా ముగ్గురం వాకిట్లోకి జారాం గాని కడియం కదల్లేదు. "ఓ ప్రభువా! నా కాలు పీకుతున్నరు!" అని అవ్వ పెట్టిన కేకకు వాడకట్టంతా వచ్చి చుట్టూ నిలబడింది. అప్పుడు నాకు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. సబ్బు! గులాబీ కాగితం విప్పి, నీళ్లు పోసి, అవ్వ కాలికి రుద్దాను. రుద్దాను, రుద్దాను. నురగ రాలేదు. ఇంకా రుద్దితే అవ్వ చర్మం ఎర్రబడింది.

"ఇది సబ్బు గాదు కొడుకా, సుద్దగడ్డ," అంది అమ్మ.

"మన నీళ్లు మంచియి గావు. పట్నం నీళ్లకైతే వస్తది," అన్నాను నేను. నిజంగా అన్నాను. నవ్వుకోండి, ఫరవాలేదు.

చివరికి వెండిపని చేసే అవుసలాయన్ను పిలిపించాం. ఆయన అవ్వ పాదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పెండ్లిల తొడిగినయి. అప్పుడు చిన్నపిల్ల, ఇప్పుడు మడిమ పెరిగింది. రంపం పెట్టి కోసుడే," అని సంచిలో చెయ్యి పెట్టాడు. అంతే, బాపు లేచి నిలబడ్డాడు. మా వైపు కాలి కడియాన్ని రంపంతో కోసేది మనిషి పోయాక, మట్టి చేసే ముందే. "మా అమ్మ పానంతోని ఉండంగ కడెం కోయిస్తనా? నీ వాటాలద్దు, ఏమద్దు, పో!" అన్నాడు. నా వంకే చూసి అన్నాడు.

బస్సు దగ్గరికి పరుగెత్తి అత్తరుబాబుకు సంగతి చెప్పాను. ఆయన బాధపడి, "ఫికర్ చెయ్యకు, వచ్చే వారం అంగడికి వస్త," అని ఎక్కేశాడు. వచ్చే అంగడికీ రాలేదు, ఆ పై అంగడికీ రాలేదు. ఎంకపల్లిలో వాటాలు కొన్న ఒకాయన ఆగలేక పట్నం పోయి వెతికితే, కార్ఖానా అన్న చోట తుమ్మచెట్లూ, వాటి కింద రెండు గాడిదలూ ఉన్నాయట. ఆ మాట విన్న రోజు నా గుండెల మీంచి బండ దించినట్టయింది. కొట్టు వెనక్కి పోయి ఒంటరిగా కూర్చుని హమ్మయ్య అని ఎన్నిసార్లు అనుకున్నానో! మాకు కలిగిన నష్టమల్లా ఒక కోడి, ఓ సీసాడు ఆముదం. (నాకు మొదట్నుంచీ అనుమానంగానే ఉందని ఆ తర్వాత నేను ఊళ్లో చెప్పుకు తిరగడం కూడా నిజమే.)

కొన్నాళ్లకు ఒక వానాకాలం, తొలి జల్లు పడి అందరూ నాగళ్లు కడుతుంటే మా ఎద్దు ఒకటి పాము కరిచి చచ్చిపోయింది. ఒంటెద్దుతో దున్నేదెట్లా? విత్తకపోతే తినేదెట్లా? బాపు అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. అవ్వ లేచి నీళ్ల గోలెం దగ్గరికి పోయింది. బండ మీద కూర్చుని కుడికాలు తడిపి, వేళ్లు ముందుకు చాచి, కడియాన్ని కాస్త పక్కకు వంచి లాగింది. వచ్చేసింది! తెచ్చి బాపు ఒళ్లో పడేసి, "ఇది ఎద్దుకు. రెండోది నాకు," అంది.

"అవ్వా! అప్పుడు రాలే గదనే?"

"నేను రానిస్తె గద! వేళ్లు ముడుచుకొని బిగబట్టిన. పిక్కలు పట్టుకపోయినయి. మీ గుంజుడు జూసి నవ్వాపుకోలేక సచ్చిన."

"వాడు దొంగోడని నీకెట్ల ఎరుక?"

"నాకేం ఎరుక? నా కోడిని తినుకుంట నా కాళ్ల దిక్కే చూసిండు. నా మొకం దిక్కు ఒక్కపారి చూడలే."

ఎద్దు వచ్చింది, విత్తనం పడింది, ఆ ఏడు గడిచింది. అప్పట్నుంచి అవ్వ నడకలో ఒక అడుగు మోగేది, ఒక అడుగు మోగేది కాదు. అయ్యగారు మాత్రం ఎప్పట్లాగే ప్రసంగం ఆపేవారు. ఇప్పుడు నా తలా నెరిసింది. ఎవరైనా పెద్దమనిషి ఎదురుగా కూర్చుని, మీ డబ్బు ఊరికే పడి ఉంది, మాకివ్వండి, పెంచి ఇస్తామంటే శ్రద్ధగానే వింటాను. కాఫీ కూడా ఇప్పిస్తాను. చెప్పుల్లో నా కాలివేళ్లు మాత్రం వాటంతట అవే ముడుచుకుంటాయి.