మూడు రోజుల్లోపు సూది

వీధి చివర ఇస్త్రీ బల్ల పెట్టుకున్న పెద్దమ్మ చేతులు ఊరికే ఉండవు. ప్రసూతి వార్డులోనూ కోడలి దుప్పటి ముడతలు అరచేత్తో సాపు చేస్తూనే ఉంది. ఎదుటివాళ్ల మాట సగం విని, మిగతా సగం తనే చెప్పేసే మనిషి. నర్సు సూది తెచ్చేసరికి అడ్డం నిలబడింది. "బిడ్డ బంగారంలా ఉంది, తల్లికి జ్వరమైనా లేదు. ఊరికే పొడుస్తారా?" సూదంటే హడలిపోయే కోడలు, "నాకూ వద్దులే అత్తయ్యా," అంది. నర్సు ఓపిగ్గా చెప్పింది: "ఈమె రక్తం నెగెటివ్, బిడ్డది పాజిటివ్. కాన్పులో బిడ్డ రక్తం కలిస్తే తల్లి ఒళ్లు దాన్ని శత్రువని గుర్తుపెట్టుకుంటుంది. ఈ బిడ్డకేం కాదు. తర్వాతి బిడ్డ కామెర్లతో పోవచ్చు. మూడు రోజుల్లోపు ఇది వేస్తే ఆ ముప్పు దాదాపు ఉండదు."

పెద్దమ్మ చెయ్యి ఆగిపోయింది. "నాదీ నెగెటివే. నా గర్భసంచి ఆపరేషనప్పుడు చెప్పారు," అంది కోడలితో. "మీ ఆయన తర్వాత ఇద్దరు పుట్టారే. ఇద్దరూ పచ్చబడిపోయి వారం తిరక్కుండా పోయారు. నా పాలే విషమంది మా అత్త. నేనూ నమ్మాను." కోడలు నర్సు వైపు చెయ్యి చాపింది. సూది దిగాక పెద్దమ్మ అడిగింది: "ముప్పై ఏళ్ల కిందట ఇది ఉండేదా తల్లీ?"

నర్సు దూది నొక్కిపట్టి, తలెత్తకుండానే చెప్పింది: "ఉండేదమ్మా."