పారాచూట్ మడతపెట్టే వేళ్లకు తిమ్మిరెక్కితే

ఆ రోజు పొద్దున నా వేళ్లకు గుడ్డ తెలియలేదు.

ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్ పైన మాకో పొడవాటి హాలు ఉంది. అక్కడ నేను పారాచూట్లు మడతపెడతాను. ఈ పని చేసేవాళ్లను రిగ్గర్ అంటారు. విమానంలోంచి దూకే మనిషి వీపు మీద రెండు పారాచూట్లుంటాయి. రోజూ తెరుచుకునేది మెయిన్. అది మొరాయిస్తే తెరవాల్సింది రిజర్వ్. మెయిన్ ఎవరిది వాళ్లు మడుచుకోవచ్చు. రిజర్వ్‌ను మాత్రం శిక్షణ పొందిన రిగ్గరే మడిచి, పిన్ను గుచ్చి, సీలు వేయాలి. మా తమ్ముడు శ్రీకాంత్ దూకుతాడు. సినిమా ఫంక్షన్లకీ, ఆటల పోటీల ప్రారంభాలకీ జెండా పట్టుకుని పైనుంచి దిగేది వాడే. వాడి రిజర్వ్ మడిచేది నేను. పెళ్లీ పెటాకులూ లేకుండా ఇద్దరూ గాలిలో బతుకుతున్నారని మా అమ్మ బాధ.

ఆ పొద్దున వాడి రిజర్వే టేబుల్ మీద పరిచి సర్దుతున్నాను. నా పని సగం కళ్లతో, సగం బొటనవేళ్లతో సాగుతుంది. లోపలి మడత ఎక్కడైనా మెలిపడితే కంటికి కనపడదు, వేలికి తగులుతుంది. ఆ రోజు ఏమీ తగలడం లేదు. చేతికి తొడుగులు వేసుకుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నట్టుంది. ఏసీ చల్లదనమేమో అనుకుని చేతులు రుద్దుకున్నాను. అరికాళ్లు కూడా జివ్వుమంటున్నాయని అప్పుడు గమనించాను. అంతకు కొన్నాళ్ల ముందు బయటి తిండి తిని విరేచనాలు పట్టుకుని తగ్గాయి. ఆ కడుపుకీ ఈ వేళ్లకీ సంబంధం ఉంటుందని ఎవరనుకుంటారు?

పని సగంలో ఆపేసి, దాని మీద ఎర్రగుడ్డ కప్పి, దీన్ని ఎవరూ ముట్టుకోవద్దని రేష్మకు చెప్పాను. రేష్మ నాతోపాటు పనిచేసే రిగ్గర్. ఇన్నేళ్లలో నేను పని మధ్యలో వదలడం తను చూడలేదు. టీ తాగమంది. కప్పు రెండు చేతులతో పట్టుకోవాల్సి వచ్చింది.

మర్నాడు రహమత్ నగర్‌లో మా ఇంటి మెట్లు దిగుతుంటే మోకాలు దానంతటదే మడతపడింది. దగ్గర్లో ఉన్న క్లినిక్‌కి వెళితే డ్యూటీలో ఉన్న డాక్టర్, టెన్షన్ ఏమైనా ఉందా అని అడిగి, విటమిన్ లోపమై ఉంటుందని బి-కాంప్లెక్స్ రాశాడు. టెన్షన్ లేని రిగ్గర్ ఎక్కడుంటుంది చెప్పండి. నేను మాత్రలు కొనుక్కుని సంతోషంగా ఇంటికొచ్చాను. సాయంత్రానికి తలకు క్లిప్పు పెట్టుకోవడానికి చేతులు పైకి లేవలేదు. అమ్మ నా వైపు చూసి చెప్పులు వేసుకుంది.

బంజారా హిల్స్‌లోని ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్లాం. న్యూరాలజిస్ట్ చిన్న సుత్తితో నా మోకాళ్ల మీద, చీలమండల దగ్గర, మోచేతుల దగ్గర కొట్టారు. ఏదీ కదల్లేదు. ఆయన సుత్తి జేబులో పెట్టుకుని కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"రిఫ్లెక్సెస్ లేవమ్మా. రెండు వైపులా సమానంగా, కింది నుంచి పైకి పాకుతోంది. ఇవాళే అడ్మిట్ అవ్వాలి. ఇంటికెళ్లి బట్టలు తెచ్చుకుంటానని అనకండి."

నేను సరిగ్గా అదే అనబోతున్నాను.

నర్వ్ కండక్షన్ స్టడీ అని చేతులకూ కాళ్లకూ చిన్న చిన్న షాకులు పెట్టారు. లంబార్ పంక్చర్ అని వెన్ను దగ్గర సూది గుచ్చి నీరు తీశారు. జబ్బు పేరు గిలియన్ బారే సిండ్రోమ్. అక్కడ అందరూ జీబీఎస్ అనేవారు. ఏదో ఇన్ఫెక్షన్‌తో పోరాడ్డానికి లేచిన మన రోగనిరోధక శక్తి, పొరపాటున మన నరాల మీదే పడుతుందట. విరేచనాల సంగతి చెబితే డాక్టర్ గారు తల ఊపారు. అక్కడే మొదలై ఉండొచ్చన్నారు.

ఐసీయూలో వాళ్లకు నా చేతుల కంటే ఊపిరి మీదే ధ్యాస. ఒకే గుక్కలో ఎంతవరకు లెక్కపెట్టగలనో చూసేవారు. నేను లెక్క మధ్యలో ఆగినప్పుడల్లా నర్సు మొహం మారేది. వెంటిలేటర్ మంచం పక్కనే సిద్ధంగా పెట్టారు. నాకది రిజర్వ్‌లాగే కనిపించింది. ఉండాలి, వాడే అవసరం రాకూడదు. రాలేదు. ఐవీఐజీ అనే మందు సీసాలు రోజుల తరబడి నరంలోకి ఎక్కించారు. తల పగిలిపోయేంత నొప్పి వచ్చేది. ఏడ్చాను కూడా, సిగ్గేం లేదు.

భయపడుతూనే డాక్టర్ గారిని అడిగాను, వేళ్లు తిరిగొస్తాయా అని. బతుకుతానా అని అడగాల్సిన చోట అదేం ప్రశ్న అని నర్సు నవ్వింది. ఆయన నవ్వలేదు.

"చాలామంది బాగా కోలుకుంటారమ్మా. ముందు బలం వస్తుంది, నడక వస్తుంది. వేళ్ల చివరి స్పర్శ అన్నిటికంటే ఆలస్యం. కొందరికి ఆ తిమ్మిరి కొంచెం మిగిలిపోతుంది. మీకు ఏది అవుతుందో నేనిప్పుడు చెప్పలేను."

చెప్పలేనని చెప్పినందుకే ఆయన మీద నాకు గురి కుదిరింది. కానీ ఆ రోజంతా పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాను. వేళ్లు రాకపోతే నేను రిగ్గర్‌ని కాదు. ఇంకేమవుతానో నాకు తెలియదు.

శ్రీకాంత్ ఆసుపత్రికి రోజూ వచ్చేవాడు. వాడు దూకడం మానేశాడని రేష్మ ద్వారా తెలిసింది. రిజర్వ్ తను మడిచిస్తానన్నా వద్దన్నాడట. నాకు ఒళ్లు మండింది. రేష్మ పని నా పనికి ఏం తక్కువని తిట్టాను.

"రేష్మక్క మంచిగనే చేస్తది," అన్నాడు వాడు. "నాకే ధైర్యం వస్తలేదు. నువ్వు లేసినంక దుంకుత."

అప్పటినుంచి మంచం మీద ఇద్దరి బరువు మోస్తున్నట్టు ఉండేది నాకు.

వాకర్ పట్టుకుని ఇంటికొచ్చాను. కొద్దిగా తేరుకుంటున్నాననుకునేసరికి కాళ్లు మళ్లీ బరువెక్కాయి. మళ్లీ అదే ఆసుపత్రి, మళ్లీ ఐవీఐజీ. కొందరికి ఇలా వెనక్కి జారడం మామూలేనన్నారు. మామూలు అన్న మాట డాక్టర్లు ఎంత తేలిగ్గా అంటారో. ఈసారి ఇంటికొచ్చినప్పుడు మాత్రం కాళ్లు మాట నిలబెట్టుకున్నాయి. వాకర్ నుంచి అమ్మ భుజానికి, భుజం నుంచి గోడకు, గోడ నుంచి కర్రకు వచ్చాను.

ఫిజియోథెరపీకి అనిత అనే అమ్మాయి ఇంటికి వచ్చేది. బలం కోసం బంతి నొక్కించేది, గుండీలు పెట్టించేది. స్పర్శ కోసం ఇంకో పద్ధతి నేర్పింది. నేను కళ్లు మూసుకుంటే ఎదుటివాళ్లు దూదితో ఏదో ఒక వేలిని తాకుతారు. ఏ వేలో నేను చెప్పాలి. తను లేనప్పుడు ఇంట్లోవాళ్లతో రోజూ చేయించుకోమంది. ఆ పని శ్రీకాంత్ తీసుకున్నాడు.

మొదట్లో అన్నీ తప్పులే. తర్వాత తర్వాత "కరెక్ట్ అక్కా" అనడం ఎక్కువైంది. ఒక వారమంతా ఒక్క తప్పు కూడా లేదు. వీధిలో అందరికీ అమ్మ చెప్పుకుంది. నేను హాలుకి ఫోన్ చేసి టేబుల్ ఖాళీగా ఉంచమన్నాను.

అనిత వచ్చిన రోజు గొప్పగా చెయ్యి చాచి కళ్లు మూసుకున్నాను. చూపుడు వేలు అన్నాను. మళ్లీ అన్నాను.

"నేనింకా ముట్టనే లేదు మేడమ్," అంది అనిత.

కళ్లు తెరిచేసరికి శ్రీకాంత్ గోడకున్న క్యాలెండర్ చదువుతున్నాడు. అన్ని రోజులూ నేను ఏ వేలు చెప్పినా వాడు కరెక్ట్ అన్నాడన్నమాట. అమ్మకూ తెలుసట. నేను దిగులు పడతానని ఇద్దరూ కలిసి ఆడిన నాటకం.

"మీదేస్కొని దుంకేది నువ్వేరా," అన్నాను. "నా చెయ్యికి తెల్వకున్నా తెల్సిందని నువ్వు చెప్తే, రేపు పైన మోసపోయేది ఎవరు?"

వాడు కింద కూర్చున్నాడు. "నువ్వు నవ్వుతుంటే మంచిగనిపిచ్చిందక్కా," అన్నాడు. కోపం అక్కడే చల్లారిపోయింది, కానీ ఏడుపు ఆగలేదు. ఇంట్లో ప్రేమకు కొదవ లేదు, అదే వచ్చిన చిక్కు.

ఆ రోజు నుంచి పరీక్ష రేష్మ చేతికి అప్పగించాం. తను కనికరం లేని మనిషి. తప్పంటే తప్పే. నెలలు గడిచాక రెండు చేతులకూ మూడేసి వేళ్లు బాగా వచ్చాయి. బొటనవేళ్ల చివరలు, చూపుడు వేళ్ల చివరలు మాత్రం మొద్దుగానే ఉండిపోయాయి. డాక్టర్ గారు ఇంకా రావచ్చన్నారు, రాకపోవచ్చనీ అన్నారు.

నేనూ రేష్మా హాల్లో కూర్చుని ఆలోచించాం. నా వేలు చేసే పని ఇంకెలా చేయాలి? ప్రతి మడతకూ రేష్మ ఎదురుగా నిలబడి తన వేళ్లతో తడుముతుంది. నేను లైటు దగ్గరగా పెట్టి, వెనకవైపు చిన్న అద్దం పెట్టి, చూసినది పైకి చెబుతాను. ఇద్దరం ఒప్పుకుంటేనే తర్వాతి మడత. సీలు తనది. టైము రెట్టింపు పడుతుంది. మొదట నాకు నామోషీగా ఉండేది. పాత పారాచూట్ల మీద విప్పి మడిచి, విప్పి మడిచి, ఆ నామోషీ అరిగిపోయింది.

ఈ మధ్య ఒక సినిమా ప్రారంభానికి శ్రీకాంత్‌ని పిలిచారు. క్లాప్ బోర్డు పట్టుకుని పైనుంచి దిగాలి. నేనూ రేష్మా కలిసి మడిచిన రిజర్వ్‌తో, నా జబ్బు తర్వాత వాడు దూకడం అదే మొదటిసారి. ఊరి బయట చిన్న ఎయిర్‌స్ట్రిప్‌లోనే ఫంక్షన్, విమానం సిద్ధంగా ఉంది. జూబ్లీ హిల్స్ ఆఫీసు నుంచి ప్రొడక్షన్ మేనేజర్ గారు పూజ సామాను పట్టుకుని వచ్చారు. మేం గాలి ఎలా ఉందో చూడటానికి అటు వెళ్లినప్పుడు, వాడి హెల్మెట్‌కున్న కెమెరాకు బొట్టు పెట్టి, పనిలో పనిగా పారాచూట్‌కీ పూజ చేశారు. కెమెరాకు కొబ్బరికాయ కొట్టనిదే సినిమా వాళ్లు షాట్ తీయరు కదా.

విమానం ఎక్కే ముందు ఆఖరి పరీక్ష నాది. రిజర్వ్ తెరవడానికి ఛాతీ పక్కన ఒక లోహపు హ్యాండిల్ ఉంటుంది. అలవాటుగా దాని కింద బొటనవేలు పోనిచ్చాను. వేలు ఏమీ లేదంది. ఆ వేలి మాట నేనిప్పుడు నమ్మను. వంగి, లైటు వేసి, పక్కనుంచి చూశాను. పసుపుపచ్చ బెల్టు మీద పసుపు దారం. కంకణంలాగా హ్యాండిల్‌నీ బెల్టునీ కలిపి చుట్టలు చుట్టి, గట్టిగా ముడేసి ఉంది. లాగితే హ్యాండిల్ రాదు.

ముడి విప్పడం నా వేళ్లకు చేతకాలేదు. రేష్మను కత్తెర అడిగాను.

"అమ్మవారి దగ్గర పెట్టి తెచ్చిన దారమండీ, తెంపకూడదు మేడమ్," అన్నారు మేనేజర్ గారు. "పట్టుకోవడానికి వీలుగా ఉందని దానికే కట్టాను."

పాపం, ఆయన భక్తితోనే కట్టారు. ఆ హ్యాండిల్ ఏం చేస్తుందో చెప్పాను. ఆయన మొహంలో నెత్తురు లేదు. దారం మీరే విప్పి, మీ చేత్తోనే మా తమ్ముడి మణికట్టుకు కట్టండి, గ్లవ్ లోపలికి పోయేలా, అన్నాను. ఆయన పంటితో ముడి విప్పి కట్టారు. రేష్మ హ్యాండిల్ చుట్టూ మళ్లీ తడిమింది, నేను మళ్లీ చూశాను, పిన్నూ సీలూ కూడా చూసి ఇద్దరం పైకి చెప్పాం.

శ్రీకాంత్ నా వైపు చూసి, "ఏందక్కా, అంతా కరెక్టేనా?" అన్నాడు.

"ఈసారి కరెక్టే," అన్నాను.

మెయిన్ చక్కగా తెరుచుకుంది. వాడు క్లాప్ బోర్డుతో సహా, నేల మీద సున్నంతో గీసిన వలయం మధ్యలో దిగాడు. అందరూ వాడి దగ్గరికి పరిగెత్తారు. నేను నడిచే వెళ్లాను, కానీ కర్ర లేకుండా వెళ్లాను. రిజర్వ్ వేసిన సీలుతో అలాగే తిరిగొచ్చింది.

ఇప్పుడు వారానికి నాలుగు రోజులు హాలుకి వెళుతున్నాను. ఎక్కువసేపు నిలబడితే కాళ్లు అలిసిపోతాయి. బొటనవేళ్ల తిమ్మిరి కొంచెం తగ్గింది, పూర్తిగా పోలేదు. నాకు రోజులు బాగున్నాయి.

చేతులూ కాళ్లూ రెండు వైపులా ఒకేలా తిమ్మిరెక్కి, పైకి పాకుతూ, బలం తగ్గుతుంటే, విటమిన్ మాత్రలతో కూర్చోకండి. అదే రోజు న్యూరాలజిస్ట్ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. కోలుకునేటప్పుడు మీ వేళ్లకు పరీక్ష పెట్టడానికి, మిమ్మల్ని ఏడిపించడానికి వెనకాడని మనిషిని వెతుక్కోండి.