ఏడో నెంబరు బిళ్ళ

"నా బిళ్ళ గూడా నువ్వే తగిలిచ్చెయ్ అక్కా. కాల్లో ముల్లు దిగింది, తీసుకొని వస్తా."

"బిన్నా రామ్మా. లేటయితే గేటుకు బీగమేస్తారు."

ఆమెకూ నాకూ మధ్య చివరగా నడిచిన మాటలు ఇవే. నేను చెబుతుంటే మా తమ్ముడి కూతురు ప్రమీల రాస్తోంది. నాకు అంకెలు, సంతకం తప్ప చదువు రాదు.

ముందే చెబుతున్నాను, నేను మనుషులనే తొందరగా నమ్మను. ఇక దయ్యాలను ఎక్కడ నమ్ముతాను? మా ఆయన పోయాక కేజీఎఫ్‌లో పాత బంగారు గని క్వార్టర్సులో ఒంటరిగానే ఉంటున్నాను. ఏ రోజూ ఏమీ కనబడలేదు.

ఒకప్పుడు మేము కట్టెలకు పోయిన గుట్టలకే ఇప్పుడు కంచె వేసి జింకలను కాపాడుతున్నారు. ఊరివాళ్ళను పగలంతా అందులో నడిపించి చూపిస్తారని తెలిసి ప్రమీల నా పేరు రాయించింది. ఇరవై రెండు మందిమి పొద్దున్నే గేటు దగ్గర చేరాము. గైడ్ ఒక్కొక్కరికి ఒక నెంబరు బిళ్ళ ఇచ్చాడు. తిరిగి రాగానే ఎవరి బిళ్ళ వాళ్ళు గేటు దగ్గరి చెక్క పలక మీద అదే నెంబరు మేకుకు తగిలించాలి. గనిలో దిగేవాళ్ళకు కూడా ఇదే పద్ధతి ఉండేది.

ముల్లు దిగిందన్న ఆమె పొద్దుటి నుంచీ నా వెనకే నడిచింది. నీలం చీర, నలభై ఏళ్ళుంటాయి. ముళబాగిలు నుంచి వచ్చానని చెప్పింది. మధ్యాహ్నం బండ నీడలో నా చిత్రాన్నం సగం తినింది. మిగతావాళ్ళెవరూ ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. టౌను పొగరు అనుకున్నాను.

సాయంత్రం, గేటు కనబడే మలుపులో ఆగి, బిళ్ళ నా చేతిలో పెట్టింది.

తీసుకోకూడదు. మా ఆయన గని మూసేదాకా లోపల పనిచేసిన మనిషి. ఒకరి బిళ్ళ ఇంకొకరు తగిలించరాదని వందసార్లు చెప్పాడు. మేకు ఖాళీగా ఉంటేనే కదా మనిషి కోసం వెతికేది. తెలిసి కూడా తీసుకున్నాను. మోకాళ్ళ నొప్పి, ఎప్పుడు కూర్చుందామా అని తొందర. నాది పంతొమ్మిది, ఆమెది ఏడు. అప్పటికి ఆ రెండు మేకులూ ఖాళీగానే ఉన్నాయి. రెండు బిళ్ళలూ నా చేత్తోనే తగిలించాను.

కాసేపటికి గైడ్ పలక చూసి, గేటుకు వెయ్యడానికి బీగం చేతిలోకి తీసుకున్నాడు.

"అప్పా, ఎయ్యొద్దు! ఒకామె ఇంగా లోపలే ఉండాది."

"బిళ్ళలు ఇరవై రెండూ వచ్చేసినాయి కదమ్మా."

"ఆమెది నేను తగిలిచ్చినా. ఏడు."

పక్కనున్న రిటైర్డ్ టీచరు నవ్వాడు. "ఏడు నాదమ్మా. నేనే తగిలిచ్చినా. ఎండ దెబ్బేమో పాపం, నీళ్ళియ్యండప్పా."

"నీళ్ళు నువ్వే తాగు సార్. నా తల బాగానే ఉండాది."

మనుషులను లెక్కపెట్టారు. ఇరవై రెండు. పుస్తకంలో పేర్లు చదివారు. అందరూ పలికారు. మనిషిని పోగొట్టుకుని, పేరు కొట్టేసి, టీచరుతో అబద్ధం చెప్పిస్తున్నారని నాకు అనుమానం. అరిచాను. ఆ గోల భరించలేక గైడ్ నాతో మలుపు దాకా వచ్చాడు. పిలిచాము. ఎవరూ పలకలేదు. ఇసుకలో రెండు జతల చెప్పుల గుర్తులు చూపించాను. దినామూ ఎవరో ఒకరు నడుస్తారన్నాడు. బీగం వేశాడు.

తర్వాత రెండుసార్లు ముళబాగిలు వెళ్ళి, ఆడమనిషి ఎవరైనా కనబడకుండా పోయిందా అని బస్టాండులో, అంగళ్ళలో అడిగాను. లేదన్నారు. గేటు దగ్గరికీ వెళ్ళాను. కంచె బయట నిలబడి పిలిచి వచ్చాను.

అందరూ అది దయ్యమే అంటున్నారు. అయితే అంతకంటే కావలసిందేముంది? దయ్యమైతే లోపల ఎవరూ చిక్కుకోలేదు, నేను హాయిగా నిద్రపోతాను. మనిషైతే, ఆమె కోసం ఎవరూ వెతకకుండా చేసింది నేనే. ఏది నిజమో నాకు ఈ రోజుకూ తేలలేదు.

ఏం ప్రమీలా, అట్ల చూస్తావేమే? రెండు బిళ్ళలు అనే రాసినావా, అత్తకు మతి పోయిందని ఒకటి చేసినావా? మొదటి నుంచి చదువు, విందాం.