అత్త కొప్పులో కొమ్ము దువ్వెన

మా అత్తకు వాళ్ళమ్మ ఇచ్చిన దువ్వెన ఒకటుంది. గేదె కొమ్ముతో చేసింది, పర్లాకిమిడిలో కొన్నదట. కింద పొడుగాటి పళ్ళు, పైన ఎదురెదురుగా రెండు చిలకలు. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే రెక్కల అంచులు తేనె రంగులో మెరుస్తాయి. అది తల దువ్వుకునేది కాదు, కొప్పులో దోపుకునేది.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో, ఎవరింట్లో పెళ్ళయినా అత్త తలంటుకుని, జుట్టును చేతికి చుట్టి, ఎడమ చెవి వెనక్కి కొప్పు దించేది. అద్దం చూడకుండానే దువ్వెన దోపేది. ఇక రోజంతా వంగి వడ్డించినా అది జారేది కాదు. నేను చేతిలో పని ఆపి మరీ చూసేదాన్ని.

మొన్న మా అమ్మాయి పెళ్ళి ఇంటి ముందే పందిరి వేసి చేశాం. ఆ దువ్వెన పెట్టుకుని మనవరాలికి అక్షింతలు వేయాలని అత్త కోరిక. కానీ కిందటేడు వచ్చిన జ్వరానికి జుట్టంతా రాలిపోయి, నిమ్మకాయంత ముడి మిగిలింది. ఎలా గుచ్చినా దువ్వెన ఒరిగిపోతోంది. పెళ్ళికూతురి ముస్తాబుకి వచ్చిన బ్యూటీపార్లర్ అమ్మాయి తన పెట్టెలోంచి సవరం తీసింది. ఎవరి జుట్టో నాకొద్దంది అత్త. ఎవరిదీ కాదు మామ్మా, నైలానుది అందా పిల్ల. అయితే అసలే వద్దంది.

మా ఇంట్లో ఆడవాళ్ళం రాలిన జుట్టు పారేయం. ఉండ చుట్టి వసారా చూరులో దోపుతాం, సవరానికి పనికొస్తుందని. ఈ కాలంలో ఎందుకని పిల్లలు నవ్వినా నేను మానలేదు. ముహూర్తం రాత్రికి గనక, ఆ ఉండలన్నీ దించి, కడిగి ఆరబెట్టి, నూనె రాసి చిక్కు తీసి, దారంతో బిగించి కట్టాను. జ్వరంలో రాలిన అత్త జుట్టు ఏరి దాచే తీరిక అప్పుడెవరికీ లేకపోయింది; అదంతా నా జుట్టే, నల్లది.

"నీ తెల్లజుట్టులో ఇది తెలిసిపోతాది అత్తా. నవ్వుతారు," అన్నాను.

"నవ్వనీ. నా కోడలి జుట్టే గదేటి. గట్టిగా కట్టు."

కొప్పు చుట్టి దువ్వెన పెట్టాను. అత్తకు నచ్చలేదు. నా చెయ్యి తోసేసి, దాన్ని తీసి, తనే కాస్త ఏటవాలుగా దోపుకుంది. తల అటూ ఇటూ విదిల్చి చూసుకుంది.

తాళి కట్టే వేళ అత్త అక్షింతలు వేయడానికి వంగింది. అందరూ పెళ్ళికూతురిని చూస్తుంటే నేను కొప్పునే చూస్తున్నాను. చిలకలు కదల్లేదు. పక్కనున్న వియ్యపురాలు కూడా చూసినట్టుంది, ఎక్కడిదండీ అని నన్నడిగింది. నేను నోరు తెరిచేలోపే అత్త అందుకుంది.

"దువ్వెన మాయమ్మది. కొప్పు మా కోడలిది."