గీకిన చోట సిరా

దుబాయ్‌లో ఉన్నన్నాళ్ళూ నేను ట్రేసర్‌గానే ఉన్నాను. ఇంజనీర్లు పెన్సిల్‌తో వేసిన నక్షా మీద పలచటి ట్రేసింగ్ కాగితం పరిచి, సిరా పెన్నుతో గీతకు గీత దించడం నా పని. నా వెనక వచ్చినవాళ్ళు పైమెట్టెక్కి డ్రాఫ్ట్స్‌మన్‌లు అయ్యారు. ఎవరు ఎప్పుడు అయ్యారో, ఆ రోజు ముదీర్, అంటే మా మేనేజరు, ఏ మిఠాయి పంచాడో కూడా నాకు గుర్తుంది. మిఠాయి నేను తీసుకోలేదు.

మా ఆఫీసు బర్ దుబాయ్‌లో, బట్టల దుకాణాల పైన రెండో అంతస్తులో ఉండేది. మెక్సికో దేశపు ఇంజనీరు ఒకాయన ఖోర్ ఫక్కాన్‌లో రేవు పని చూసేవాడు. గురువారం మధ్యాహ్నం కొండల దారిన కారులో వచ్చి, నక్షాలు మాకిచ్చి, శనివారం తెల్లవారేసరికి మళ్ళీ వెళ్ళిపోయేవాడు. ఒక గురువారం రేవు నక్షాలతో పాటు ఇంకో అట్ట గొట్టం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"ఇది ఆఫీసు పని కాదు. నా ఇంటి పని. శుక్రవారాలు సెలవే కదా, ఇక్కడికి వస్తావా?" అన్నాడు.

వస్తానన్నాను. ఆయన సంతకం పెడితే డ్రాఫ్ట్స్‌మన్ అవుతానన్న ఆశ అప్పటికింకా ఉంది.

గొట్టంలో ఉన్నవి పాత కాగితాల ఫొటోలు. ఆయన చెల్లెలు వాళ్ళ దేశంలో చర్చీలు, భూముల కచేరీలు తిరిగి తీయించి పంపింది. మెక్సికోను స్పెయిన్ రాజు ఏలిన కాలంలో చర్చి ఫాదర్లు రాసుకున్న జ్ఞానస్నానాల పుస్తకాల పేజీలు కొన్ని. భూమి ఎవరికి ఎక్కడిదాకా ఇచ్చారో చూపే పటాలు కొన్ని. ఆయన నాయనమ్మ వైపు వంశం ఎక్కడ మొదలైందో ఆయనకు కావాలి. ఫొటోలు మసకబారి ఉన్నాయి. నేను వాటిని ట్రేసింగ్ మీదికి దించితే ఎన్ని ప్రింట్లయినా తీసుకోవచ్చు. ఆ భాష నాకు ఒక్క ముక్క రాదు. రానవసరం లేదన్నాడు. గీత ఎటు పోతే నా పెన్ను అటు పోవాలి, అంతే.

మొదటి పటంలోనే తప్పు చేశాను. అది ఒక ఊరి పొలాల పటం. గుట్టలు, ఒక చర్చి, ఒక వాగు. వాటి మధ్య చిన్న చిన్న నల్ల మచ్చలు రెండేసి చొప్పున బారుగా ఉన్నాయి. మా పనిలో ఒక పద్ధతి ఉంది. పెన్సిల్ నక్షా మీద టీ మరకలు, వేలిముద్రలు, రబ్బరు పొట్టు ఉంటాయి. ట్రేసర్ వాటిని దించడు. మురికి వదిలేసి గీత తీసుకోవడమే మంచి చేతికి గుర్తు. నేను ఆ మచ్చలన్నీ వదిలేసి పటాన్ని అద్దంలా దించి ఇచ్చాను.

ఆయన దాన్ని వెలుతురుకు పట్టుకుని చూశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"అడుగులేవి?"

"ఏ అడుగులు సార్?"

ఫొటో తెచ్చి ఆ మచ్చల మీద వేలు పెట్టాడు. అవి పాదాల గుర్తులట. వాళ్ళ దేశపు పాతవాళ్ళు దారిని గీతగా గీసేవారు కాదట, నడిచిన అడుగులుగా గీసేవారట. ఆ అడుగులు ఎక్కడ ఆగితే అక్కడే ఆయన పూర్వీకుల పొలమట.

"నువ్వు ట్రేసర్‌వా, క్లీనర్‌వా?" అన్నాడు.

అప్పుడు గదిలో ఓవర్‌టైముకు వచ్చిన ఇద్దరు డ్రాఫ్ట్స్‌మన్‌లున్నారు. ఇద్దరూ నవ్వారు. అందులో ఒకడు మలయాళీ. వాడు ఆ తరవాత చాలాకాలం నన్ను "క్లీనర్ భాయ్" అని పిలిచాడు.

ఆ రోజు ఆయన నాకొక నియమం పెట్టాడు. కాగితం మీద ఏముంటే అది దించాలి. అదేమిటో తెలియకపోతే, మరకైనా చిల్లైనా, దాని చుట్టూ చుక్కల గీత గీయాలి. చూసేవాడు తేల్చుకుంటాడు, నువ్వు తేల్చకు అన్నాడు. పటం మళ్ళీ గీశాను. పాదాలు ఒక్కొక్కటీ గీశాను. పూర్తయ్యాక అడుగున కుడిమూలలో, ప్రతి నక్షాకూ పెట్టినట్టే, నా పొడి అక్షరాలు పెట్టాను. ఆయన బ్లేడు తీసుకుని ఆ అడుగు పట్టీ మొత్తం కోసేశాడు. "ఇది కంపెనీ నక్షా కాదుగా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

ఆ పట్టీ బుట్టలో పడింది. తీసి జేబులో పెట్టుకున్నాను. చాలాకాలం ఉండేది నా దగ్గర.

మేం ఉండే గదిలో ఆరుగురం. నా పక్క మంచం కరీంనగర్ తమ్ముడిది. సైటులో కడ్డీలు కట్టేవాడు. నేను శుక్రవారం కూడా చొక్కా తొడుక్కుంటుంటే వాడికి నవ్వులాట.

"ఏందన్నా, జుమ్మా దినం గూడ డ్యూటీయేనా?"

"డ్యూటీ కాదు. ఆయన తాతముత్తాతల్ని గీస్తున్నా."

"గా సాబ్ ముత్తాత ఎవడైతే నీకేంది? నీ ముత్తాత ఎవడో నీకెర్కనా?"

మిగతా నలుగురూ పడిపడి నవ్వారు. నేను వాడితో నాలుగు రోజులు మాట్లాడలేదు. వాడికి కారణం తెలియదు. "గిదేం మనిషిరా బై, ఒక్క మాటకు మూతి ముడుసుకుంటడు" అని అందరితో చెప్పుకున్నాడు.

కారణం ఇది. అంతకు ఏడాది ముందు మా నాన్న పోయాడు. నాకు ఆ సంగతి ఉత్తరంలో తెలిసింది, అప్పటికి మూడు వారాలైంది. మాది గోదావరి జిల్లా, ఫ్రెంచి ఫాదర్లు కట్టించిన చర్చి ఉన్న ఊరు. సమాధుల తోటలో మా ఇంటివాళ్ళకంటూ ఒక వరుస ఉంది, ఆ కొసన ఇంటిపేరు చెక్కిన పెద్ద శిలువ ఉంది. మా నాన్నను ఆ వరుసలో పెట్టలేదు. గోడ పక్కన పెట్టారు. మా పెదతాత మనవడు, నాకు అన్నయ్య వరస, గొయ్యి తవ్వేవాళ్ళకు అడ్డం వచ్చి అన్న మాట అమ్మ ఉత్తరంలో రాయించింది: "ఇక్కడ మా నెత్తురువాళ్ళే ఉండాలి. ఈయనగారి నాన్న కరువులో దొరికినవాడు."

మా తాతను ముత్తాత పెంచుకున్నాడనీ, కన్నకొడుకు కాదనీ ఆ ఇంట్లో ఎప్పటినుంచో ఒక గొణుగుడుంది. దానికి వాళ్ళు చూపే రుజువు ఒక భూమి కాగితం. ఇంగ్లీషువాళ్ళ కాలంలో ముత్తాత తాతకు ఎకరం నేల దానపత్రం రాసి రిజిస్టరు చేయించాడు. కొడుకైతే దానమెందుకు రాస్తాడు, ఊరికే వస్తుందిగా, అని వాళ్ళ వాదన.  మా నాన్న గొడవపడే మనిషి కాదు. నేను పడతాను.

నాకు కావలసింది ఒక్కటే. మా నాన్న పేరు ఆ పెద్ద శిలువ మీదికి ఎక్కాలి. అందుకు మా తాత ఆ ఇంట్లో పుట్టాడని చూపాలి.

ఒక శుక్రవారం ఇంజనీరుకు ఈ సంగతి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. ఆయన పెన్ను కింద పెట్టి విన్నాడు.

"సర్టిఫికెట్ అడగకు. పేజీ అడుగు. సర్టిఫికెట్‌లో రాసేవాడికి నచ్చింది ఉంటుంది, పేజీలో ఉన్నదంతా ఉంటుంది" అన్నాడు.

ఆ వారమే ఆయన వంశం జాడ ఒక చోట ఆగిపోయింది. నాయనమ్మ ముత్తాత జ్ఞానస్నానం పేజీలో, తండ్రి పేరు ఉండవలసిన చోట "చర్చి బిడ్డ" అని ఉందట. ఎవరో చర్చి గుమ్మంలో వదిలి వెళ్ళిన పిల్లవాడని దానర్థమట. పక్కనే, జ్ఞానస్నానమప్పుడు బిడ్డకు తల్లిగా నిలబడిన జ్ఞానతల్లి పేరుంది. భూమి కాగితంలో, అడుగులు ఆగిన చోటి పొలం ఆవిడే అతనికి రాసిచ్చినట్టుంది.

"మరి వంశవృక్షంలో ఆ తండ్రి గడి వదిలేయమంటారా సార్?" అన్నాను.

"గడి గియ్యి. మిగతావాటంతే గియ్యి. లోపల ఏమీ రాయకు."

గీశాను. ఆయన దాన్ని చూసి ఈల వేసుకుంటూ కాఫీ పెట్టుకున్నాడు. నాకు ఇవ్వలేదు. ఆయన తండ్రి సమాధి ఎక్కడుందో నేనడగలేదు, ఎవరూ అడ్డుపడి ఉండరు.

ఆయన చెప్పినట్టే మా ఊరి ఫాదర్‌గారికి పేజీ కావాలని రాశాను. చర్చి పనులు చూసే ఉపదేశిగారు మూడు వాక్యాల జవాబు పంపారు. మా తాత పేరు, జ్ఞానస్నానం తేదీ, జ్ఞానతండ్రి పేరు. తండ్రి పేరు ఉన్న చోట సిరా అలికిపోయి చదవడానికి రావడం లేదు, ప్రభువు మిమ్మల్ని దీవించును గాక. మళ్ళీ రాశాను. మళ్ళీ మళ్ళీ రాశాను. ప్రతి ఉత్తరం నకలు నా దగ్గరుంది. జవాబు రాలేదు.

ఈలోగా ఖోర్ ఫక్కాన్ పని ముగిసి ఇంజనీరు వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు ముదీర్‌కు నా గురించి చెబుతానన్నాడు. చెప్పాడో లేదో. ముదీర్‌ను అడిగితే చెయ్యి ఊపి "ఖలాస్, ఖలాస్, పని చూడు" అన్నాడు.

రెండేళ్ళకొకసారి వచ్చే సెలవులో ఊరికి వెళ్ళినప్పుడు ట్రేసింగ్ కాగితం, రెండు పెన్నులు వెంట తీసుకెళ్ళాను. అమ్మ సూట్‌కేసు తెరిచి చూసి, "ఇంతదూరం నుంచి కాగితాలు మోసుకొచ్చావేంట్రా?" అంది. సాయంత్రమే చర్చికి వెళ్ళాను. కొత్త ఫాదర్‌గారు వచ్చారు. చిన్న వయసు, మర్యాదస్తుడు. నా ఉత్తరాల కట్ట ఆయన బీరువాలోనే ఉంది, విప్పకుండా.

"ఇవన్నీ మీరే రాశారాండి?" అన్నారు.

"నేనేనండి ఫాదర్‌గారూ."

ఆయన జ్ఞానస్నానాల పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టారు. పేజీ దొరికింది. రాత లాటిన్‌లో ఉంది. తండ్రి పేరు ఉన్న చోట అక్షరాలు నీళ్ళలో తడిసినట్టు పాకి ఉన్నాయి. దాని మీద కాగితం పరిచి, పాకిన సిరా మధ్యలో పెన్ను ముందు ఎక్కడ ఆనిందో వెతుక్కుంటూ దించాను. అది నా పని. ఒక గంట పట్టింది. పైకి ఎత్తి చూస్తే పేరు స్పష్టంగా ఉంది. అది మా ముత్తాత పేరు. ఫాదర్‌గారు అదే పుస్తకంలో పెదతాత పేజీ తీసి పక్కన పెట్టి పోల్చారు.

"అదే పేరండి. ఇంకేం కావాలి? సర్టిఫికెట్ రాసిచ్చేస్తాను" అన్నారు. ఆయనే ఎక్కువ సంతోషపడ్డారు.

నేను పేజీని చూస్తున్నాను. ఎండ కిటికీలోంచి ఏటవాలుగా పడుతోంది. ఆ పేరు కింద కాగితం మెరుపు పోయి ఉంది. నూగు లేచి ఉంది. వేలు ఆనించాను. పలచగా తగిలింది. నీళ్ళు పడితే సిరా అలా పాకదు. గీకిన చోట రాస్తేనే అలా పాకుతుంది. ట్రేసింగ్ మీద తప్పు పడినప్పుడల్లా మేం బ్లేడుతో గీకి సరిచేస్తాం. అలాంటి చోటు ఎలా ఉంటుందో నాకు చూపక్కర్లేదు. అక్కడ ముందు ఇంకేదో ఉంది. దాన్ని ఎవరో తీసేసి, దాని మీద ముత్తాత పేరు రాశారు.

నా చెయ్యి అలవాటుగా ఆ చోటు చుట్టూ చుక్కల గీత గీసేసింది.

"ఈ చుక్కలేంటండి?" అన్నారు ఫాదర్‌గారు.

"అక్కడ కాగితం కొంచెం పలచగా ఉందండి."

"పురుగేమో."

"అయ్యుండొచ్చండి."

ఆయన సర్టిఫికెట్ రాసి ముద్ర వేశారు. దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. ట్రేసింగ్‌ను గొట్టంలో పెట్టుకున్నాను.

మర్నాడు అన్నయ్య ఇంటికి వెళ్ళాను. వాకిట్లో గడ్డం గీసుకుంటున్నాడు. సర్టిఫికెట్ ఇచ్చాను. నురగ చెంపతోనే రెండుసార్లు చదివాడు.

"ఇదుంటే ముందే చూపించొచ్చుగా తమ్ముడూ" అన్నాడు.

"అప్పుడు నన్నెవరడిగారు?"

"సరేలే. ఇప్పుడు మీ నాన్నగారిని తవ్వి తీసుకురమ్మంటావా ఏంటి?"

"శిలువ మీద పేరు చెక్కించు."

"చెక్కిద్దాం. దానికేముంది." గడ్డం పూర్తి చేసుకున్నాడు. తను అన్న మాట తప్పని అనలేదు. ఆ రోజు అనలేదు, ఇంతవరకూ అనలేదు. వదిన కాఫీ ఇచ్చింది. తాగలేదు.

నేను ఊళ్ళో ఉండగానే చెక్కేవాడు వచ్చాడు. పెదనాన్న పేరు కింద మా నాన్న పేరు చెక్కాడు. అమ్మ ఆ అక్షరాల మీద వేళ్ళు పెట్టి చూసుకుని, కొంగుతో రాతిపొడి తుడిచింది. నాకు ఏదో అనిపిస్తుందనుకున్నాను. ఎండగా ఉంది, ఇంటికి వెళదామన్నాను.

తిరిగి వచ్చాక కరీంనగర్ తమ్ముడు, "ఏమాయెనన్నా, ముత్తాత దొరికిండా?" అని అడిగాడు. దొరికాడన్నాను. అయితే చికెన్ తెప్పించు అన్నాడు. తెప్పించాను.

గొట్టం మంచం కింద ఉండేది. కొన్ని శుక్రవారాలు గదిలో ఎవరూ లేనప్పుడు తీసి కిటికీ అద్దానికి ఆనించి చూసేవాణ్ణి. గీకింది ముత్తాతో, తాతో, ఎవరి మాట మీదో ఆ కాలపు ఫాదరో, నాకు తెలియదు. అక్కడ ముందు ఏముందో కూడా తెలియదు. తెలిసేది ఒక్కటే, అది చేతి గురించి. గీకినవాడు బ్లేడు నిలువుగా పట్టుకున్నాడు. తొందరపడ్డాడు. గీకిన చోటును సిరా పెట్టేముందు గోటితో రుద్ది నునుపు చెయ్యాలి, అప్పుడు సిరా పాకదు. అతను రుద్దలేదు.